రాని రెండు రీళ్లు

మొన్న మా చెల్లెలి కోడలు నా ఫోనుకు ఒక జాబితా పంపింది. తప్పక చూడాల్సిన సస్పెన్స్, థ్రిల్లర్ సినిమాలట. ఒక్కోదాని కింద రెండు వాక్యాల కథ, పక్కన నక్షత్రాలు. రిటైరయ్యాక నాకు పొద్దుపోదేమోనని ఆ పిల్ల బెంగ. కళ్లద్దాలు పెట్టుకుని పైనుంచి కిందికి చదువుకుంటూ వచ్చాను. ఆరో సినిమా దగ్గర ఎవరో పుణ్యాత్ములు "చివర్లో డాక్టరే హంతకుడని తెలిసినప్పుడు మతిపోతుంది" అని రాసిపెట్టారు. నిజంగానే మతిపోయింది. ఆ సినిమా ఇక నాకు పనికిరాదు. ఫోను బల్లమీద బోర్లించి, ఇది మా మేనత్త కంటబడి ఉంటే ఏం జరిగేదా అని చాలాసేపు ఆలోచిస్తూ కూర్చున్నాను. రాసినవాళ్లెవరో గాని అదృష్టవంతులు.

మా మేనత్త మెట్‌పల్లిలో ఆడపిల్లల బడిలో లెక్కల టీచరు. డెబ్బైల చివర్లో నాకు ఆ ఊళ్లోనే టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో మొదటి ఉద్యోగం దొరికింది. ఇరవై రెండేళ్ల పిల్ల ఒక్కతే ఎక్కడో గది తీసుకుని ఉండటానికి మా బాపు ఒప్పుకోలేదు గనక మూడేళ్లు అత్తమ్మ ఇంట్లోనే ఉన్నాను. ఊరిబయట మామకు పసుపు చేను ఉండేది. పసుపు ఉడకబెట్టే రోజుల్లో మామ ఇంట్లోకి అడుగుపెడితే ఆ ఘాటు వాసన ఆయనకంటే ముందు వచ్చేది. చేతులు, ధోవతి అంచులు, చివరికి ఆయన చదివే పేపరు కూడా పచ్చగా మారేవి. మామకు సినిమాలంటే పడదు. పడకపోవడానికి ఆయన చూసింది కూడా లేదు. అత్తమ్మకు మాత్రం సస్పెన్స్ సినిమా అంటే ప్రాణం. పౌరాణికాలు, ప్రేమకథలు, కుటుంబ కథలు ఆమెకు అక్కర్లేదు. గోడమీద పోస్టర్లో కత్తి పట్టుకున్న చెయ్యో, సగం తెరిచిన తలుపో కనబడితే చాలు, నడుస్తున్నదల్లా ఆగి, చేతిసంచి ఈ భుజంనుంచి ఆ భుజానికి మార్చుకుని, "ఇది జూడాలె" అనేది.

కొత్త సినిమా ముందు కరీంనగర్‌కు వచ్చేది. మెట్‌పల్లి చేరడానికి నెలో, నెలన్నరో పట్టేది. అత్తమ్మ అంతవరకు ఆగలేదు. ఆదివారం పొద్దున బస్సెక్కి, కరీంనగర్‌లో మధ్యాహ్నం ఆట చూసి, దీపాలు పెట్టే వేళకు ఇంటికొచ్చేది. నాకు సెలవు కలిసొస్తే నన్నూ తీసుకెళ్లేది. హాల్లో కూర్చున్నాక ఆమె మాట్లాడదు. వేయించిన పుట్నాల పొట్లం ఒళ్లో పెట్టుకుని, కళ్లార్పకుండా చూస్తుంది. హంతకుడెవరో తనకు తెలిసిపోయిన క్షణాన నా మణికట్టు మీద వేలితో ఒక్కసారి తడుతుంది. అంతే. ఎవరని అడిగితే చెప్పదు. ఒకసారి రైలు బోగీలో నడిచే సినిమా చూశాం. మరోసారి ఊటీ బంగళా సినిమా చూశాం. ఇంకోసారి, మొదటినుంచి చివరిదాకా అద్దం ముందు తల దువ్వుకునే ఒక చెయ్యి మాత్రమే కనబడే సినిమా చూసి నేను వారం రోజులు అద్దం ముందు నిలబడటానికి జంకాను. మూడింట్లోనూ ఇంటర్వెల్ కాకముందే నా మణికట్టు మీద దెబ్బ పడింది. మూడుసార్లూ నేను చివరిదాకా ఎవరినెవరినో అనుమానించి, బుద్ధి తక్కువై బయటికొచ్చాను.

మంచి సస్పెన్స్ సినిమాకు ఆమె దగ్గర గట్టి కొలతలుండేవి. లెక్కల టీచరు కదా. "లెక్కల ఇచ్చిన దాంట్లకెళ్లే జవాబు రావాలె బిడ్డా," అనేది. "ఇయ్యనిది ఆఖర్ల తెచ్చి అతికిస్తే గది మోసం." హంతకుడు మొదటినుంచీ మన కళ్లముందే తిరగాలి, మనతో నవ్వాలి, మనం వాణ్ని చూసి నవ్వాలి. దయ్యం అని భయపెట్టి చివర్లో టేప్ రికార్డరు చూపిస్తే ఆమెకు ఒళ్లుమంట. పాటలమీద మాత్రం కోపం లేదు. పాట వచ్చిందంటే ఆలోచించుకోవడానికి టైమిచ్చినట్టని ఆమె లెక్క. ఇక అసలైన పరీక్ష ఇంకొకటి ఉంది. ఆఖరు తెలిసిపోయాక కూడా రెండోసారి చూడబుద్ధయితే అది గొప్ప సినిమా. అందుకే కరీంనగర్‌లో చూసినదాన్ని మెట్‌పల్లికి వచ్చాక మళ్లీ చూసేది. ఈ రెండు ఆటల మధ్యకాలంలో మాత్రం ఎవరెంత బతిమాలినా ఆఖరు చెప్పేది కాదు. ఇంటిపక్కావిడ ఒకామె కడుపుతో ఉండి, తొమ్మిదో నెలలో, "ఇప్పట్ల సినిమాకు పోలేను టీచరమ్మా, చంపిందెవరో చెప్పరాదు" అని అడిగితే, కడుపుతో ఉన్న మనిషి కోరిక తీర్చకపోతే ఎట్లా అని ఊరంతా అన్నా సరే, అత్తమ్మ సున్నుండలు చేసిపెట్టింది గాని పేరు చెప్పలేదు.

ఇట్లాంటి మనిషి ఒక ఆదివారం మధ్యాహ్నం మెట్‌పల్లి హాల్లో ఐదారువందల మంది ముందు నిలబడి ఆఖరు చెప్పాల్సి వచ్చింది.

ఆ సినిమా అత్తమ్మ కరీంనగర్‌లో ఒంటరిగా చూసొచ్చింది. ఆ ఆదివారం నాకు డ్యూటీ పడింది. ఎట్లా ఉందని అడిగితే ముఖం అదోలా పెట్టి, "నడిమి దాక మస్తున్నది" అని ఊరుకుంది. మెట్‌పల్లికి వచ్చిన మొదటి ఆదివారమే ఇద్దరం మధ్యాహ్నం ఆటకు వెళ్లాం. గేటు దగ్గర మేనేజరు పలకరిస్తే, కరీంనగర్‌లో చూసినా మళ్లీ వచ్చానని అత్తమ్మ చెప్పింది. రేకుల కప్పు కింద నాలుగు ఫ్యాన్లతో నడిచే హాలు అది. ఆడవాళ్లకు ఒక పక్కన విడిగా బెంచీలు. మేనేజరు, టికెట్లు చింపే మనిషి, పైన క్యాబిన్లో ఆపరేటరు, హాలంతా కలిపి ఆ ముగ్గురే.

కథ చెప్పకపోతే తరువాత జరిగింది మీకు అర్థం కాదు. ఒక పెద్ద బంగళా. యజమాని శనివారం ఉపవాసం ఉంటాడు, పొద్దుగూకిన తర్వాత మంచినీళ్లు కూడా ముట్టడు అని మొదట్లోనే చెబుతారు. ఒక శనివారం కొత్తగా చేరిన వంటమనిషి ఆ సంగతి తెలియక మంచం పక్కన పాల గ్లాసు పెట్టి వెళ్తుంది. యజమాని లోపల గడియ పెట్టుకుని పడుకుంటాడు. తెల్లారి ఎంత పిలిచినా పలకడు. తలుపు విరగ్గొట్టి అందరూ లోపలికి తోసుకొస్తే, గుండెల్లో కత్తి. కిటికీకి ఊచలున్నాయి. మంచం పక్కన గ్లాసు మాత్రం ఖాళీగా ఉంది. అనుమానించడానికి రెండో భార్య, ఆమె తమ్ముడు, ఇంటి డాక్టరు ఉన్నారు. నవ్వించడానికి ఒక ముసలి గుమాస్తా ఉన్నాడు. వాడు ఎవరు సగం తాగి వదిలేసిన టీ అయినా ఎత్తి గడగడా తాగేసి మీసం తుడుచుకుంటాడు. వాడు తెరమీదికి వస్తే చాలు, హాలంతా ఈలలు; తలుపు విరగ్గొట్టిన గుంపులో వాడు మీసం తుడుచుకున్నప్పుడు కూడా అందరూ నవ్వారు.

ఆ రోజుల్లో చిన్న ఊళ్లలో రెండు హాళ్లు కలిసి ఒకే సినిమా డబ్బాను నడుపుకునేవి. పక్క ఊళ్లో ఆట గంట ముందు మొదలవుతుంది. అక్కడ తిరిగిన రీళ్లను మోటారు సైకిల్ మీద ఇక్కడికి మోసుకొస్తారు. ఆ రోజు పక్క ఊళ్లో కరెంటు పోయింది. కరెంటు వస్తే అక్కడి జనానికి వెయ్యాలి గనక చివరి రెండు రీళ్లు అక్కడే, తిరగకుండానే ఆగిపోయాయి. ఇక్కడ తెరమీద ఇన్‌స్పెక్టరు అందరినీ బంగళా హాల్లో నిలబెట్టి, "హంతకుడు మీలోనే ఉన్నాడు" అని వేలు ఎత్తాడు. ఆ వేలు ఎవరివైపు తిరుగుతుందా అని మేమంతా ఊపిరి బిగబట్టేసరికి తెర తెల్లబోయింది.

పావుగంట ఈలలు వేశారు. ఇంకో పావుగంట అరిచారు. మేనేజరు వచ్చి సంగతి చెబితే ఎవరూ నమ్మలేదు. "మన దగ్గర కరెంటున్నది గదా, ఆళ్ల దగ్గర ఎట్ల పోతది?" అని ఒకడు లేచాడు. "రీలు అమ్ముకున్నరు!" అని ఇంకొకడు. ముందు వరసలో బెంచీ విరిగిన చప్పుడైంది. టికెట్లు చింపే మనిషి చొక్కా పట్టుకుని నలుగురు గుంజుతున్నారు. నలుగురైదుగురు మెట్లెక్కి క్యాబిన్ తలుపును తన్నుతుంటే లోపల ఆపరేటరు "నాదేం తప్పులేదు సారూ" అని ఏడుస్తున్న గొంతు హాలంతా వినిపించింది. ఆడవాళ్లం దారి లేక గోడకు ఆనుకుని నిలబడ్డాం. అప్పుడు మేనేజరు జనాన్ని తోసుకుంటూ అత్తమ్మ దగ్గరికి వచ్చాడు. చెమటతో మనిషి తడిసిపోయాడు.

"టీచరమ్మా, మీరు కరీంనగర్ల జూసిన్రట గదా. మీ కాళ్లు మొక్కుత, ఆఖరు కథ జర చెప్పుండ్రి. లేకుంటే పైన పిల్లగాన్ని సంపేటట్టున్నరు."

అత్తమ్మ క్యాబిన్ వైపు చూసింది. తలుపు రెక్క ఒకటి ఊడి వేలాడుతోంది. పుట్నాల పొట్లం నా చేతిలో పెట్టింది. "ఇది పట్టుకో బిడ్డా" అని కొంగు నడుముకు దోపుకుని నడిచింది. తెరముందున్న అరుగెక్కి, మేనేజరు అందించిన మైకు పక్కకు పెట్టి, క్లాసులో అల్లరిని ఆపేటట్టు రెండు చేతులు గట్టిగా చరిచింది.

"అందరు కూసోండ్రి. మెట్ల మీదోళ్లు దిగుండ్రి. కూసుంటేనే చెప్త."

విచిత్రం ఏమిటంటే, కూర్చున్నారు. వాళ్లలో సగం మంది అక్కచెల్లెళ్లకు, కూతుళ్లకు ఆమె ఎక్కాలు నేర్పింది మరి.

"తలుపు లోపట్నుంచి గడియ పెట్టున్నది. కిటికీకి ఊచలున్నయ్. అంటే సంపినోడు బయటికి పోలే," అంది అత్తమ్మ. "మరి ఏడున్నడు?"

బెంచీలమీద తలలు ముందుకు వంగాయి.

"లోపట్నే ఉన్నడు. బీరువ ఎనుక. పొద్దుగాల తలుపు పలగ్గొట్టి అందరు లోపటికి ఉరికిన్రు గదా, గా గుంపుల కలిసిండు. ఇగ పాలు. యజమాని తాగడు, ఆయనకు ఉపాసం. మరి గ్లాసు ఎట్ల ఖాళీ అయింది? సాయంత్రం సంది బీరువ ఎనుక నిలబడ్డోనికి దూప కాదా? ఎవలన్న ఇడిసిపెట్టింది కనబడితే తాగకుండ ఉండలేనోడు గా ఇంట్ల ఎవడు? తలుపు పలగ్గొట్టినంక మీసం తుడుసుకున్నదెవడు? మీరంత నవ్విన్రు గదా గప్పుడు?"

"గుమాస్తా!" అని బెంచీల్లోంచి ఒక గొంతు. ఆ వెంటనే హాలంతా హోరు.

అత్తమ్మ చెయ్యెత్తింది. "ఎందుకు సంపిండో ఇనుండ్రి. ముప్పై ఏండ్ల సంది గా ఇంట్ల పనిజేస్తుండు. ఒక్కరన్న ఆయన్ని పేరు పెట్టి పిలిసిన్రా? సినిమ మొత్తం యాదిజేసుకోండ్రి. ఓరి అన్నరు, ఏయ్ అన్నరు. ఆయన పేరేందో మీకు తెలుసా? ఒక్కరికన్న? మనం గూడ అడుగలే. నవ్వినం. సంపుడు తప్పే. ఉరిశిక్ష పడ్డది. గని జడ్జి ముంగట నిలబడితే, నీ పేరేంది అని అడిగిన్రు. గదే మొదటిసారి."

ఫ్యాన్లు కిర్రుమనడం వినబడింది. టికెట్లు చింపే మనిషి చిరిగిన చొక్కాతో గోడకు ఆనుకుని వింటున్నాడు. "అయిపోయింది. ఇగ ఇండ్లకు పోండ్రి" అని అత్తమ్మ దిగింది. జనం ఒకరినొకరు తోసుకోకుండా, ఏదో చావు ఇంటినుంచి వెళ్తున్నట్టుగా వెళ్లిపోయారు. నేను కూడా ఒక గొప్ప సినిమా చూశానన్న బరువుతోనే ఇల్లు చేరాను.

మర్నాడు రీళ్లు వచ్చాయి. నిన్నటి టికెట్ ముక్క తెచ్చినవాళ్లకు చివరి రెండు రీళ్లు ఉచితంగా వేస్తామని మేనేజరు చాటింపు వేయించాడు. డ్యూటీ దిగి నేనూ వెళ్లాను. ఇన్‌స్పెక్టరు వేలు తిరిగింది. గుమాస్తా వైపు కాదు. ఎవరి వైపూ కాదు. తలుపు తెరుచుకుని, యజమాని కవల తమ్ముడట, పదిహేనేళ్ల కిందట జైలుకు పోయిన వాడట, అంతవరకు మాటమాత్రంగానైనా చెప్పని వాడు గడ్డంతో లోపలికి వచ్చి నేనే చంపానన్నాడు. పాల సంగతి ఎవరూ ఎత్తలేదు. నేను పరుగున ఇంటికొచ్చి అత్తమ్మను పట్టుకున్నాను.

"అబద్ధం చెప్పినవా అత్తమ్మా!"

ఆమె బియ్యం ఏరుతోంది. తల ఎత్తలేదు. "ఆఖరు నేను ఎవ్వలకన్న చెప్పుతనా? నిన్న గూడ చెప్పలే. నా మాట నేను తప్పలే."

ఊరు రెండు ముక్కలైంది. కొందరు టీచరమ్మ చెప్పిందే మంచిగుందన్నారు. కొందరు మోసం చేసిందన్నారు. పసుపు రాశుల దగ్గర ఎవరో మామను "మీ ఇంట్లామె సినిమాల చేరిందట గదా" అని ఎద్దేవా చేశారట. మామ ఇంటికొచ్చి, "ఇజ్జత్ తీసినవ్. ఆడమనిషివి, ఇంతమంది మొగోళ్ల ముంగట అరుగెక్కుడేంది?" అని ఒక్కమాట అని రెండు రోజులు మాట్లాడలేదు. అత్తమ్మ కూడా మాట్లాడలేదు. అంతకంటే పెద్దది బడినుంచి వచ్చింది. అది ఊరి పెద్దలు నడిపే బడి. అత్తమ్మ ఉద్యోగం ఇంకా పర్మినెంటు కాలేదు. కమిటీ సభ్యుడైన బట్టల వ్యాపారి ఒకాయన, పబ్లిగ్గా అబద్ధమాడిన టీచరు పిల్లలకేం నేర్పుతుందని కాగితం రాశాడు. బుధవారం రమ్మని కబురొచ్చింది. ఆమె ఎంత నిబ్బరంగా ఉన్నా, మంగళవారం పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. దాన్నిబట్టి నాకు తెలిసింది. తోడుగా నేనూ వెళ్లి వరండాలో కూర్చున్నాను. కిటికీ తెరిచే ఉంది.

"అబద్ధం చెప్పిన్రా లేదా?" అన్నాడు బట్టల వ్యాపారి.

"లేదు," అంది అత్తమ్మ. "పుస్తకంల తప్పు లెక్క అచ్చయితే పిల్లలకు గట్లనే చెప్పాల్నా సారూ? సరిజేసి చెప్త. గా సినిమాల గూడ ఆఖర్ల తప్పు అచ్చయింది."

కమిటీ అధ్యక్షుడు పెద్దాయన, ఊళ్లో ఎక్కువ భూమి ఉన్న కుటుంబం. అప్పటిదాకా కళ్లు మూసుకుని ఉన్నాడు. ఇప్పుడు తెరిచాడు. "నేను గూడ ఉన్న గా దినం, కుర్చీలల్ల. మల్ల తెల్లారి పోయి చూసిన. రెండు దినాల సంది పరేషాన్ అయితున్న. గా కవలోడు ఏడికెళ్లి ఊడిపడ్డడు? పాలు ఎవడు తాగిండు? ఇగో, నువ్వు చెప్పు," అని బట్టల వ్యాపారి వైపు తిరిగాడు. "పాలు ఎవడు తాగిండు?"

బట్టల వ్యాపారి తను రాసిన కాగితాన్ని మడతపెట్టాడు.

"టీచరమ్మ చెప్పిందే లెక్క కుదిరింది," అన్నాడు పెద్దాయన. "పోయి క్లాసు చూసుకోండ్రి అమ్మా. గని మల్ల సినిమా అరుగు ఎక్కకుండ్రి."

"కరెంటు పోకుంటే ఎక్క," అంది అత్తమ్మ.

బయటికి వచ్చేసరికి బడి గంట కొట్టే ముసలాయన వరండా చివర నిలబడి ఉన్నాడు. ఎన్నేళ్లనుంచో ఆ బడిలో ఉన్నాడు. అందరికీ ఆయన "తాత". ఆయన తలపాగా తీసి చేత్తో పట్టుకుని, సిగ్గుపడుతూ, "టీచరమ్మా, నా పేరు రాజలింగం" అన్నాడు. కమిటీ ముందు తొణకని అత్తమ్మ ఆ మాటకు కొంగుతో కళ్లు ఒత్తుకుంది. ఆ రోజునుంచి ఆయన్ని రాజలింగన్నా అనే పిలిచింది.

రాత్రి భోజనాల దగ్గర మామ మౌనం వీడాడు. కంచం వైపే చూస్తూ, "గా గుమాస్తా ఎందుకు సంపిండట?" అన్నాడు. అత్తమ్మ మొదటినుంచి చెప్పింది. ఆయన చెయ్యి కంచంలోనే ఎండిపోయింది. చివరికి లేస్తూ, "మంచిగనే చెప్పినవ్ తియ్" అన్నాడు. తరువాతి ఆదివారం కరీంనగర్ బస్సులో మా ముందు సీట్లో పచ్చటి చేతులతో మామ కూర్చుని ఉన్నాడు. హాల్లో మాత్రం పాటలప్పుడు నిద్రపోయాడు.

ఆ తర్వాత నాకు ఆదిలాబాద్ బదిలీ, పెళ్లి, పిల్లలు. వీడియో క్యాసెట్లు వచ్చాక అత్తమ్మకు వాటిమీద మనసు పోలేదు. ముందుకు తిప్పే మీట ఉన్న యంత్రంలో సస్పెన్స్ ఎక్కడుంటుందని ఆమె వాదన. రిటైరయ్యాక ఒకసారి ఆదిలాబాద్ వచ్చి నా దగ్గర పది రోజులుంది. జిన్నింగు మిల్లులనుంచి దూది పీచు గాలిలో తేలివచ్చి ఆరేసిన చీరలకు అంటుకునే రోజులవి. ఆ వారం హాల్లో ఆడుతున్న సస్పెన్స్ సినిమా మరాఠీది. అత్తమ్మను పిన్ని వరస కలిపి పిలిచే మా పక్కింటి మరాఠీ ఆవిడ, "తెలుగు వాళ్లు మీకేం అర్థమైతది మావ్షీ?" అంది. అత్తమ్మకు మరాఠీలో రెండు ముక్కలు కూడా రావు. అయినా వెళ్లాం. అరగంట కాకముందే చీకట్లో నా మణికట్టు మీద వేలు పడింది. చివర్లో చూస్తే నేను అనుకున్నది మళ్లీ తప్పే, ఆమె మళ్లీ నవ్వింది. బయటికొచ్చాక, మాటలు తెలియకుండా ఎట్లా కనిపెట్టావని అడిగితే, "అందరు మాట్లాడేటోన్నే చూస్తరు. నేను ఇనేటోన్ని చూస్త" అంది. తొంభైల మధ్యలో, మెట్‌పల్లిలో, పెద్దగా బాధపడకుండానే పోయింది.

అరుగుమీద రెండు చేతులు చరిచి హాలును కూర్చోబెట్టిన రోజున ఆమె వయసు నలభై మూడు. ఇరవై రెండేళ్ల నాకు అప్పుడామె అన్నీ తెలిసిన పెద్దామె. ఇప్పుడు నాకు డెబ్బై దగ్గరపడింది. ఆ మధ్యాహ్నాన్ని తలుచుకున్నప్పుడల్లా అక్కడ పెద్దామె కనబడటం లేదు. గుండె దడదడలాడుతుంటే కొంగు బిగించుకుని మెట్లెక్కుతున్న ఒక చిన్నామె, నాకంటే ఎంతో చిన్నామె, కనబడుతోంది. కాలం మనల్ని ముసలివాళ్లను చేస్తున్నదనే అనుకుంటాం గాని, మనం ఎంతో గౌరవించిన వాళ్లను ఏడాదికేడాది చిన్నవాళ్లను చేసి, వాళ్ల ధైర్యాన్ని మాత్రం పెద్దది చేసి చూపిస్తుంది.